చెర్రీల దారిలో మాబ్టన్ దాకా

అమెరికాలో సియాటిల్ దగ్గర సమ్మామిష్‌లో ఉండే మా అక్కావాళ్ళకి జూలై వస్తే చెర్రీల ప్రయాణం తప్పదు. కాస్కేడ్ కొండలు దాటి తూర్పుకి వెళ్తే యాకిమా లోయ. అక్కడి తోటల్లో మనమే కోసుకుని, తూకం వేయించుకుని తెచ్చుకోవచ్చు. ఈసారి నేనూ ఉన్నాను కాబట్టి, ఇంకాస్త ముందుకెళ్ళి మాబ్టన్ చూసొద్దామని మేనల్లుణ్ణి ముందుపెట్టి బావని ఒప్పించాను. "ఆ ఊళ్ళో ఏముందోయ్?" అన్నాడు బావ. చూడ్డానికి ఏమీ లేదు, నిజమే. బేస్‌బాల్ ఆటగాడు, తర్వాత కోచ్ అయిన మెల్ స్టాటిల్‌మైర్ పెరిగిన ఊరు, అంతే.

ఆయన మీద నాకు ఆసక్తి పుట్టడానికి కారణం నా భుజం. జిల్లా స్థాయిలో మీడియం పేస్ వేసేవాణ్ణి. భుజం పోయాక కుర్రాళ్ళకి నెట్స్‌లో నేర్పడం మొదలుపెట్టాను. మేనల్లుడు ఇక్కడ పిల్లల బేస్‌బాల్ పోటీ అయిన లిటిల్ లీగ్‌లో పిచర్, అంటే మన బౌలర్ లాంటివాడు. వాడి ఆట అర్థం చేసుకుందామని బేస్‌బాల్ గురించి చదవబోతే, చెయ్యి పోయాక కోచ్‌లుగా పేరు తెచ్చుకున్నవాళ్ళ కథలు పట్టుకుని వదల్లేదు. వాళ్ళలో స్టాటిల్‌మైర్ ఒకడు. పైగా ఆయన ఉండింది ఇసక్వాలో, అక్కావాళ్ళకి పక్క ఊరే. ఈ రెండు ఊళ్ళ నిండా తెలుగువాళ్ళున్నారు, నేనడిగిన ఒక్కరికీ ఆ పేరు తెలియదు. క్రికెట్ మనుషులం, మనకెందుకు తెలుస్తుంది!

ఐ-90 హైవే మీద స్నోక్వాల్మీ కనుమ ఎక్కేదాకా రెండువైపులా దట్టమైన అడవి. కనుమ ఎత్తు 3,000 అడుగుల పైచిలుకే, కానీ అది దాటాక దేశమే మారిపోయినట్టుంటుంది. మబ్బులు కొండలకి పడమరనే కురిసేస్తాయి, తూర్పుకి మిగిలేది ఎండ. ఎలెన్స్‌బర్గ్ దగ్గర ఐ-82కి మళ్ళాక చెట్టన్నది కనపడలేదు, అన్నీ గోధుమరంగు గుట్టలే. అవి దిగితే ఒక్కసారిగా పచ్చటి లోయ. అదంతా కాలవ నీళ్ళ చలవే. ఆపిల్, చెర్రీ, ద్రాక్ష, వాటి మధ్య బీరులో వేసే హాప్స్. అమెరికాలో పండే హాప్స్‌లో చాలా భాగం ఈ లోయదే. గుంజలు పాతి తీగల్ని పైకి పాకించిన ఆ తోటలు దూరం నుంచి తమలపాకు తోటల్లా కనిపిస్తే అక్క కారు ఆపమంది. రోడ్డు వైపుకి వాలిన తీగ మీద లేత పువ్వొకటి నలిపి వాసన చూసి, "ఛీ, బీరు" అంది. "నీకెలా తెలుసు?" అన్నాడు బావ.

చెర్రీలు కోస్తూ మేనల్లుడికి కథ చెప్పాను. స్టాటిల్‌మైర్ పుట్టింది 1941లో, మిస్సోరిలో. పెరిగింది ఇక్కడ. యాకిమాలో కాలేజీలో ఆడుతుంటే 1961లో న్యూయార్క్ యాంకీస్ జట్టు తీసుకుంది. 1964 ఆగస్టులో జట్టు వెనకబడి ఉంటే, కింది లీగ్ నుంచి ఈ ఇరవై రెండేళ్ళ కుర్రాణ్ణి పిలిపించారు. సీజన్ ముగిసేలోపు 9 గెలుపులు, 3 ఓటములు. యాంకీస్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్‌కి చేరింది. అవతల సెయింట్ లూయిస్ తరఫున బాబ్ గిబ్సన్, అప్పటికే హడలెత్తించే పిచర్. ఏడు మ్యాచుల్లో మూడుసార్లు గిబ్సన్‌కి పోటీగా దిగింది ఈ కుర్రాడే. రెండో మ్యాచ్ గెలిచాడు. ఏడో మ్యాచ్‌కి మధ్యలో రెండే రోజుల విశ్రాంతితో దిగి ఓడాడు.

ఆ తర్వాత జట్టు కూలిపోయింది, 1966లో పట్టికలో అట్టడుగుకి చేరింది. ఈయన మాత్రం మూడు సీజన్లలో ఇరవై, అంతకన్నా ఎక్కువ గెలుపులు సాధించాడు. మొత్తం మీద 164 గెలుపులు, ఒక్క పరుగూ ఇవ్వకుండా ముగించిన మ్యాచులు 40. ఆటగాడిగా, వరల్డ్ సిరీస్ గెలిచినవాళ్ళకిచ్చే ఉంగరం మాత్రం ఒక్కటీ రాలేదు.

మేనల్లుడు ఇవన్నీ ఊఁ కొడుతూ విన్నాడు. 1965 జూలై 20న బోస్టన్ మీద, బేసుల నిండా (పరుగు కోసం చుట్టిరావాల్సిన మజిలీలవి) మనుషులుండగా, బంతి గ్రౌండ్ దాటకుండానే ఆయన నాలుగు బేసులూ చుట్టొచ్చాడని చెప్పేసరికి బకెట్ కింద పెట్టేశాడు. "పిచరా మామయ్యా? ఇన్‌సైడ్ ద పార్క్ గ్రాండ్ స్లామా?" ఫోన్‌లో వెతికి, నిజమేనని తేలాకే మళ్ళీ బకెట్ ఎత్తాడు.

సన్నీసైడ్ దగ్గర హైవే దిగి, యాకిమా నది దాటితే మాబ్టన్. సుమారు రెండు వేల జనాభా. రైలు పట్టాలు, నాలుగు వీధులు, స్పానిష్ బోర్డులు. తోటల పనికి వచ్చి స్థిరపడిన మెక్సికో కుటుంబాలే ఎక్కువ. ఎండ మాడిపోతోంది. స్కూలు వైపు వెళ్తే ఖాళీ బేస్‌బాల్ గ్రౌండ్ కనపడింది, మేనల్లుడు అప్పటికే గ్లోవ్ తొడుక్కున్నాడు.

సింకర్ పట్టు నాకు వాడే చూపించాడు. ఎర్ర కుట్లు రెండూ దగ్గరికొచ్చే చోట రెండు వేళ్ళూ వాటి వెంబడే ఆనించి విసరాలి. అలా వేసిన బంతి బ్యాటర్ దగ్గరికొచ్చేసరికి కిందికి దిగుతుంది. బ్యాట్ దాని నెత్తిన తగిలి బంతి నేలమీద దొర్లుతుంది, ఫీల్డర్ ఏరుకుని ఫస్ట్ బేస్‌కి విసిరి ఔట్ చేస్తాడు. స్టాటిల్‌మైర్ బతికింది ఈ బంతి మీదే. 1968లో పిచర్లు బ్యాటర్లని మరీ ఏడిపించారని, మర్నాటి ఏడు పిచర్ నిలబడే దిబ్బ ఎత్తుని 15 అంగుళాల నుంచి 10కి తగ్గించారు. ఈయన 68లో 21 గెలిస్తే, దిబ్బ తగ్గాక 69లో 20 గెలిచాడు.

మేనల్లుడి లీగ్‌లో విసరాల్సిన దూరం 46 అడుగులు. పెద్దవాళ్ళకి 60 అడుగుల 6 అంగుళాలు. వాడు పట్టుబట్టి పెద్ద దూరం నుంచే వేశాడు, బంతి బావ గ్లోవ్ చేరకముందే నేలకి తగిలింది. "సింకర్ అంటే ఇదేనా?" అన్నాడు బావ.

పక్కన నీడలో కూర్చుని అక్క ప్రతి బంతీ లెక్కపెడుతోంది. వాడి వయసుకి రోజుకి 85 దాటకూడదు, 66 వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి ఇవ్వాలి. లిటిల్ లీగ్ రూలు అది. 1969లో స్టాటిల్‌మైర్ 303 ఇన్నింగ్స్ (మ్యాచుకి మామూలుగా తొమ్మిది) వేశాడు, 24 మ్యాచులు చివరిదాకా ఒక్కడే లాగాడు. 1974లో భుజం కీలుని పట్టి ఉంచే రొటేటర్ కఫ్ కండరం చిరిగింది. కోలుకోడానికి టైమిస్తామన్న మాట నమ్ముకుని ఉంటే, మర్నాటి ఏడు మార్చిలోనే యాంకీస్ తీసేసింది. ఆ మంటతో చాలా ఏళ్ళు ఆ జట్టుకి దూరంగా ఉండిపోయాడు.

కోచ్‌గా మొదట సియాటిల్ మారినర్స్ కుర్రాళ్ళకి నేర్పాడు. 1981లో పదకొండేళ్ళ చిన్నకొడుకు లుకేమియాతో పోయాడు. అన్న టాడ్ మూలుగ దానం చేసినా దక్కలేదు. ఆ దెబ్బ నుంచి తేరుకుని 1984లో న్యూయార్క్‌లోనే ఇంకో జట్టు మెట్స్‌కి పిచింగ్ కోచ్‌గా వెళ్ళాడు. అక్కడ చేతికందింది కుర్ర పిచర్ డ్వైట్ గూడెన్. 1985లో గూడెన్ 24 గెలిచి 4 ఓడాడు. మర్నాటి ఏడు, ప్రతి బ్యాటర్నీ స్ట్రైకౌట్ (ఫీల్డర్ల సాయం లేకుండా పిచరే ఔట్) చెయ్యక్కర్లేదని చెప్పి అతని చేత కొత్త రకం బంతులు వేయించారు. స్ట్రైకౌట్లు 268 నుంచి 200కి పడ్డాయి. గూడెన్ మళ్ళీ ఆ ఎత్తుకి చేరలేదు. దానికి మత్తుమందులతో సహా వేరే కారణాలూ ఉన్నాయి, కానీ అతని పద్ధతిని కదపకుండా ఉండాల్సిందనే నేననుకుంటాను.

1996లో యాంకీస్ మళ్ళీ పిలిస్తే వెళ్ళాడు. 1997లో అక్కడి పిచర్ మరియానో రివేరా నేరుగా వేస్తున్న బంతి ఉన్నట్టుండి పక్కకి తిరగడం మొదలైంది. కోచ్, పిచర్ కలిసి కొన్నాళ్ళు దాన్ని సరిచెయ్యబోయారు. కుదర్లేదు. సరే, తిరగనీ అని వదిలేశారు. బేస్‌బాల్‌లో ఎవరికీ కొరుకుడుపడని కట్టర్ అలా పుట్టింది, రివేరా 652 సేవ్‌లు (చివర్లో వచ్చి జట్టు ఆధిక్యాన్ని కాపాడటం) చేశాడు. ఇలా వదిలెయ్యడం ఎంత కష్టమో నెట్స్‌లో నిలబడ్డవాడికి తెలుస్తుంది. కుర్రాడి మణికట్టు కాస్త వంకరగా కనపడితే నోరు ఊరుకోదు.

మెట్స్‌తో ఒకటి, యాంకీస్‌తో నాలుగు, మొత్తం ఐదు ఉంగరాలూ కోచ్‌గా వచ్చినవే. 2000లో క్యాన్సర్ బయటపడ్డా, వైద్యం చేయించుకుని మళ్ళీ పనిలోకి వచ్చాడు. 2015లో యాంకీస్ స్టేడియంలో ఆయనకి చెప్పకుండానే ఫలకం సిద్ధం చేసి ఆవిష్కరించారు. 2019 జనవరిలో పోయాడు.

"ముప్పై అయ్యాయి, ఇంక చాలు" అంది అక్క. వాడు ఇంకొకటి వేస్తానన్నాడు, ఆవిడ ఒప్పుకోలేదు. ఒక్క టాకో దుకాణం తెరిచి ఉంటే అక్కడ తిని, ఎండ తగ్గకముందే వెనక్కి బయల్దేరాం.

వెళ్ళాలనుకునేవాళ్ళకి: సమ్మామిష్ నుంచి మాబ్టన్ దాదాపు మూడు గంటలు. టోపీ, నీళ్ళు తప్పనిసరి. మేము ఐస్ పెట్టె పట్టుకెళ్ళాం కాబట్టి సరిపోయింది, లేకపోతే చెర్రీలు తిరుగుదారిలో కోసుకోవడమే మేలు.