ఎముక పట్టుకునే దాకా

తుంటి మార్పిడి జరిగిన పదహారేళ్లకు నా తొడ ఎముక గొట్టంలోకి దించిన లోహపు కాడ, అంటే స్టెమ్, వదులైంది. ఈ వదులు నొప్పి తీరే వేరు. కుర్చీలోంచి లేచాక మొదటి నాలుగడుగులు తొడ మధ్యలో పొడుస్తుంది, నడక సాగేకొద్దీ సర్దుకుంటుంది. ఆ నాలుగడుగుల్లోనే స్టెమ్ ఎముక గొట్టంలో కొంచెం దిగి, కొంచెం తిరిగి కుదురుకుంటుంది. స్టెమ్ కదిలితే నొప్పి తొడలో, తుంటి గుంటలో బిగించిన కప్పు కదిలితే గజ్జలో. ఎక్కువమందికి ఇదే వరస.

కప్పు లోపలి ప్లాస్టిక్ పొర (లైనర్) అరిగి కంటికి ఆనని పొడి రాలుతుంది. రక్షక కణాలు దాన్ని మింగుతాయి గానీ అరిగించుకోలేవు. అప్పుడవి వదిలే రసాయనాల వల్ల చుట్టూ ఉన్న ఎముక కరిగిపోతుంది. ఇదంతా నొప్పి లేకుండానే ఏళ్ల తరబడి సాగవచ్చు. అందుకే పాత ఎక్స్‌రేలు పారేయకండి. మొదటి ఆపరేషన్ నాటి ఫిల్ము పక్కన పెట్టి చూస్తేనే స్టెమ్ ఎంత దిగిందో తేలుతుంది. ఇంప్లాంట్ డబ్బాల మీది స్టిక్కర్లు కూడా దాచండి. కంపెనీ, సైజు తెలిస్తే ఏ భాగాన్ని ఉంచవచ్చో సర్జన్ ముందే లెక్క వేసుకుంటారు.

వదులుకు ఇన్‌ఫెక్షన్ కారణం కాదని ముందే తేల్చుకోవాలి. ఒంట్లో వాపును పసిగట్టే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్త పరీక్షలు చేశాక కీలులోని నీరు సూదితో తీసి, సూక్ష్మజీవులను పెంచి చూసే కల్చర్‌కు పంపారు. కొన్ని సూక్ష్మజీవులు చాలా నెమ్మదిగా పెరుగుతాయి కాబట్టి దాన్ని 14 రోజులు ఉంచారు. నీరు తీసే ముందు రెండు వారాలు యాంటీబయాటిక్ వాడకూడదు. జ్వరమని మధ్యలో ఒక కోర్సు వేసుకుంటే ఇన్‌ఫెక్షన్ ఉన్నా కల్చర్‌లో దొరక్కపోవచ్చు.

రెండో ఆపరేషన్‌లో పాత స్టెమ్, దాన్ని పట్టి ఉంచిన సిమెంటు తీయడానికి తొడ ఎముక పైభాగం బయటి వైపు 13 సెంటీమీటర్ల పలకను, కండరం అంటుకుని ఉండగానే, తలుపులా తెరిచారు. పైన ఎముక పలచబడింది కాబట్టి కొత్త స్టెమ్ కింద, గట్టి ఎముకలో పట్టాలి. నాకు వేసింది 190 మిల్లీమీటర్ల టైటానియం స్టెమ్. కిందికి సన్నబడే దాని ఆకారం దిగిపోకుండా ఆపుతుంది, నిలువు గాడుల అంచులు తిరక్కుండా ఆపుతాయి. కనీసం నాలుగైదు సెంటీమీటర్ల మేర మంచి ఎముక పట్టు దొరకాలి. సైజు తక్కువైతే స్టెమ్ దిగిపోతుంది, ఎక్కువైతే కొట్టేటప్పుడు ఎముక చీలుతుంది. చీలకుండా పలకకు దిగువన ఎముక చుట్టూ ముందే ఒక తీగ బిగించారు, తర్వాత పలకను మూసి ఇంకో రెండు. కప్పుకు మూడు స్క్రూలు, అన్నీ పై వెనుక భాగంలో. పై ముందు భాగంలో వేస్తే పెద్ద రక్తనాళాలకు తగిలే ప్రమాదం ఉంది.

ఆపరేషన్ బల్ల మీద దొరికేది బిగింపు మాత్రమే. అసలు పట్టు తర్వాత ఎముక పెరిగి ఇవ్వాలి. ఇంప్లాంట్, ఎముక మధ్య కదలిక 40 మైక్రాన్ల లోపు ఉంటే ఎముక లోహంలోకి పెరుగుతుంది. 150 దాటితే ఎముకకు బదులు పీచు కణజాలం పేరుకుంటుంది. 150 మైక్రాన్లంటే రెండు తల వెంట్రుకల మందం. నొప్పి మూడో వారానికే తగ్గింది కదా అని వాకర్ వదిలేసేవాళ్లను చూస్తే భయమేస్తుంది. నొప్పి తగ్గడం వేరు, ఎముక పట్టుకోవడం వేరు.

నాకు ఆరు వారాలు 20 కిలోలకు మించి బరువు మోపవద్దన్నారు. 20 కిలోలంటే ఎంతో కాలికి నేర్పాలి. బరువు చూసే మిషను మీద ఆపరేషన్ కాలు, అంతే ఎత్తు చెక్క మీద రెండో కాలు పెట్టి, వాకర్ పట్టుకుని ముల్లు 20 దగ్గరికి వచ్చేదాకా వంగాలి. కళ్లు మూసుకుని మళ్లీ మోపి, తెరిచి చూడాలి. మొదట్లో 30 దాటుతుంది. రోజూ పొద్దున పదిసార్లు చేస్తే వారంలో పాదానికి అలవాటవుతుంది.

నిలబడటం కన్నా కుర్చీలోంచి లేవడం, మెట్లెక్కడం స్టెమ్‌ను ఎక్కువ మెలిపెడతాయి. చేతుల కుర్చీనే వాడాలి, రెండు చేతులతో నెట్టుకుని లేవాలి. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. పలక అతికేదాకా కాలు పక్కకు ఎత్తే వ్యాయామం వద్దు, ఆ కండరం లాగేది ఆ పలకనే. రెండో ఆపరేషన్‌లో కీలు తప్పే ముప్పు ఎక్కువ కాబట్టి పీట, బాసింపట్టు, నేల టాయిలెట్ మానేయాలి. కమోడ్‌కు కూడా ఎత్తు రింగు బిగించుకోవాలి.

ఆరో వారం ఎక్స్‌రేలో స్టెమ్ 2 మిల్లీమీటర్లు దిగింది. తీగ నుంచి స్టెమ్ పైమూల దాకా దూరం కొలిచి, ఫిల్ములో అసలు కన్నా పెద్దగా కనిపించే తేడాను తెలిసిన సైజు బంతితో సరిచేసి చూస్తారు. కొద్దిగా దిగి ఆగితే అది కుదురుకోవడం. 5 మిల్లీమీటర్లు దాటినా, ఫిల్ము ఫిల్ముకూ పెరుగుతున్నా అది వదులు. పన్నెండో వారం కూడా నాది 2 దగ్గరే ఉంది, పలక అంచున కొత్త ఎముక తెల్లగా కనిపించింది. ఆ రోజు వాకర్ తీసి చేతికర్ర ఇచ్చారు, ఆపరేషన్ కాలికి ఎదుటి చేతిలో.