అటక మీద బుస

భోగికి ఐదు రోజుల ముందే అమ్మ దగ్గరికి వెళ్ళిపోతాను. తణుకు దగ్గర పల్లెటూరు, పాత పెంకుటిల్లు. బూజు దులపడం, ఇత్తడి సామాన్లు తోమడం నా వంతు. నల్లబడ్డ బిందెకి చింతపండు రుద్దుతుంటే చేతి కిందే పసుపు మెరుపు తేలుతుంది. ఆ పని నాకు చాలా ఇష్టం.

ఈసారి అరిసెల గుండిగ దించుదామని అటకకి నిచ్చెన వేశాను. నాలుగు మెట్లెక్కానో లేదో లోపల్నుంచి బుస్సుమని శబ్దం. ఆగి ఆగి, పొడుగ్గా. "పామే! దిగవే, ముందు దిగు" అని అమ్మ కింద నుంచి ఒకటే టెన్షన్. తమ్ముడు కర్ర తెచ్చాడు. నేను ఫోన్ లైటు వేసి చూశాను. గుండిగ వెనక మూడు గుడ్లగూబ పిల్లలు! తెల్లటి నూగు సగం రాలి, రెక్కల ఈకలు వస్తున్నాయి. భయమేస్తే అవి అచ్చం పాములాగే బుస కొడతాయి. చుట్టూ నల్లటి ఉండలు. ఎలుకని మింగేశాక అరగని బొచ్చు, ఎముకలు అలా ఉండగా కక్కేస్తాయి. ఒకటి విప్పితే చిటికెనవేలి గోరంత ఎలుక దవడ, పళ్ళతో సహా.

పక్కింటి పెద్దమ్మ వచ్చి, "చావుపిట్టమ్మా అది, పండగపూట ఇంట్లో ఉండకూడదు" అంది. పెదనాన్న పోయిన రాత్రి ఆ కూత విందట. అందుకే ఆవిడతో వాదించబుద్ధి కాలేదు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం వాటిని చంపడం నేరమని తమ్ముడు చెప్పాడు. నాన్న మాత్రం ఒక్కటే అన్నారు: "చేలో ఎలుకల బుట్టలకి డబ్బులిచ్చి మనుషుల్ని పెడుతున్నాం. ఇది ఊరికే పట్టిపెడుతోంది. అవి ఎగిరేదాకా అటక జోలికెళ్ళకండి."

దాంతో అటక బూజు అలాగే ఉండిపోయింది. అరిసెలకి గుండిగ పెద్దమ్మే తెచ్చి ఇచ్చింది.

ఆ సాయంత్రం పెరట్లో చిక్కుడు పాదు దగ్గర కూర్చున్నాం. ఇప్పుడు పొద చిక్కుడు ఏడాది పొడవునా దొరుకుతుంది కానీ, నాకు పందిరెక్కే పాత రకమే చిక్కుడు. వానాకాలంలో గింజ పెట్టినా, పొద్దు తగ్గి రాత్రులు పెరిగితే గానీ పూత రాదు. అంచున ఊదారంగు గీత, కాస్త ముదిరిన గింజ, కోసిన చేతికి అంటుకునే ఆ పచ్చి వాసన. ఈనెలు తీసి, చాకుతో కాకుండా చేత్తోనే తుంచాలి. అమ్మ కొంచెం నీళ్ళు చల్లి మగ్గబెట్టి, అల్లం పచ్చిమిర్చి ముద్ద వేసి దించేస్తుంది. మసాలా, ఉల్లిపాయ ఏమీ ఉండవు. వేడన్నంలో నెయ్యి వేసుకుని ఆ కూర కలుపుకుంటే ఇంకేదీ అడగను. ఆ రాత్రి అదే తింటుంటే తల్లిపక్షి పెంకుల సందులోంచి చప్పుడు లేకుండా లోపలికి దూరింది. ముక్కున ఎలుక.

రథసప్తమినాడు అమ్మ ఫోన్ చేసింది. రథం కట్టడానికి చిక్కుడుకాయలు, పరమాన్నం పెట్టడానికి ఆకులు కోద్దామని చీకటితోనే పెరట్లోకి వెళ్ళిందట. పందిరి గుంజ మీద ఒక పిల్ల కూర్చుని ఉందట. అది లేచి వెళ్ళేదాకా ఆగి, తర్వాతే కోసుకొచ్చానని చెప్పింది.