పర్జ్ కొడితే డిస్క్ నిండిపోయింది (ఇంటి మెయిల్ సర్వర్ లాగ్)

నాన్న అకౌంట్లో 11.6 జీబీ పాత మెయిల్స్ తీసేశాను. ఫలితంగా డిస్క్ వాడకం 20 జీబీ పెరిగింది. శనివారం రాత్రి పదిన్నరకి "అరగంట పనే కదా" అనుకుని కూర్చున్నవాణ్ణి, లేచేసరికి తెల్లవారుజామున మూడు.

ముందు మంచి వార్త. మా సర్వర్లో మెయిల్స్ దాచే ప్రోగ్రామ్ డవ్‌కాట్. అందులో పోయిన నెల మొదలుపెట్టిన మెయిల్‌డైర్ (మెయిల్‌కో ఫైల్) నుంచి ఎండీబాక్స్ (ఒక్కో ఫైల్లో చాలా మెయిల్స్) మార్పిడి పూర్తయింది. రెండు లక్షల చిన్న ఫైళ్లు నాలుగొందల లోపుకి వచ్చాయి, బ్యాకప్ కూడా వేగంగా అవుతోంది. దాని గురించి అంతే.

ఇక అసలు గొడవ. మెయిల్ పార్టిషన్ (డిస్క్‌లో మెయిల్స్‌కి కేటాయించిన భాగం) 64 జీబీ, ఫైల్ సిస్టమ్ బీటీఆర్‌ఎఫ్‌ఎస్. పని మొదలుపెట్టే ముందు డీయూ కమాండ్ (ఫైళ్ల సైజులు కూడి చెప్పేది) 38.2 జీబీ చూపిస్తుంటే, డీఎఫ్ (పార్టిషన్లో మొత్తం ఎంత నిండిందో చెప్పేది) మాత్రం 44 అంటోంది. ఆ తేడా ఎందుకో అప్పుడే ఆలోచించాల్సింది. ఆలోచించలేదు.

మెయిల్స్‌ని ఎక్స్‌పంజ్ చేశాక (అంటే తీసేశాక) డీయూ చూపించే 38.2 కదల్లేదు. అది మామూలే. ఎండీబాక్స్‌లో మెయిల్ తీసేస్తే మ్యాప్ ఇండెక్స్‌లో (ఏ మెయిల్ ఏ ఫైల్లో ఉందో రాసుకునే పట్టీ) దాని రిఫరెన్స్ కౌంట్ (ఎన్ని చోట్ల వాడుకలో ఉందన్న లెక్క) ఒకటి తగ్గుతుందంతే, సున్నా అయినా, బైట్లు ఫైల్లోనే ఉంటాయి. వాటిని వదిలించాలంటే డవ్‌కాట్ పర్జ్ నడపాలి. నడిపాను. 14వ నిమిషంలో డిస్క్‌లో చోటు లేదని ఆగిపోయింది. చూస్తే డీయూ 32.2, డీఎఫ్ 100 శాతం. కొత్త మెయిల్స్ లోపలికి వెళ్లడం లేదు, పోస్ట్‌ఫిక్స్ (బయటి మెయిల్స్ అందుకుని డవ్‌కాట్‌కి ఇచ్చే ప్రోగ్రామ్) క్యూలో 17 ఆగి ఉన్నాయి. క్యూ వేరే పార్టిషన్లో ఉంది కాబట్టి, పైగా పోస్ట్‌ఫిక్స్ మామూలుగా 5 రోజులు ప్రయత్నిస్తూనే ఉంటుంది కాబట్టి, టెన్షన్ కాస్త తగ్గింది.

మొదటి అనుమానం: డిలీట్ అయిన ఫైళ్లని ఏదో ప్రాసెస్ ఇంకా తెరిచి పట్టుకుంది. ఎల్‌ఎస్ఓఎఫ్‌తో వెతికితే ఒక్కటీ లేదు. రెండో అనుమానం సెర్చ్ ఇండెక్స్. అది మొత్తం కలిపి 410 ఎంబీ, దాన్ని తప్పు పట్టలేం. మూడోది లాగ్ ఫైళ్లు. అవి అసలు ఆ పార్టిషన్లోనే లేవు, నిద్రమత్తులో అక్కడ ఇరవై నిమిషాలు పోయాయి.

తర్వాత వెలిగింది: గంటకోసారి స్నాప్‌షాట్లు (పార్టిషన్ ఆ క్షణంలో ఎలా ఉందో అలాగే పట్టి ఉంచేవి)! ఎప్పుడో నేనే పెట్టి మర్చిపోయాను. 48 ఉన్నాయి.

పర్జ్ ఏం చేస్తుందంటే, చచ్చిన మెయిల్ ఉన్న ఫైల్ కనబడితే అందులోని బతికున్న మెయిల్స్‌ని కొత్త ఫైల్‌లోకి రాసి, పాత ఫైల్ని తీసేస్తుంది. నేను తెలివి ఎక్కువై రొటేట్ సైజ్ (ఒక్కో ఫైల్ ఎంతవరకు పెరగొచ్చన్న హద్దు) 10 ఎంబీ నుంచి 100 ఎంబీకి పెంచి ఉన్నాను. నాన్నవి 301 ఫైళ్లు. తీసేసిన మెయిల్స్ వాటిలో 280 ఫైళ్లలో తలా కాసిన్ని చెల్లాచెదురుగా ఉన్నాయి. అంటే దాదాపు 28 జీబీని పర్జ్ తిరగరాయాలి. పాత ఫైళ్లని డవ్‌కాట్ తీసేస్తోంది, స్నాప్‌షాట్లు మాత్రం వదలట్లేదు. పాతదీ ఉంది, కొత్తదీ వచ్చి చేరింది. ఆ 28లో నిజంగా చచ్చినవి 6.5 జీబీయే (11.6 ఎందుకు కాదో కింద చెప్తాను), కాబట్టి లెక్క వేస్తే పర్జ్ పూర్తవడానికి 21.5 జీబీ కావాలి, మొదట ఖాళీగా ఉన్నవి 20. ఒకటిన్నర జీబీ దగ్గర బోల్తా పడ్డాను.

స్నాప్‌షాట్లు అన్నీ తీసేశాను. కమాండ్ వెంటనే అయిపోయిందంటుంది గానీ శుభ్రం చేసే పని వెనకాల నడుస్తుంది. డీఎఫ్ 33కి దిగడానికి ఆరు నిమిషాలు పట్టింది, ఆ ఆరు నిమిషాలూ స్క్రీన్‌కేసి చూస్తూ కూర్చున్నాను. మళ్లీ పర్జ్ నడిపితే డీయూ 31.7 దగ్గర ఆగింది.

ఇక్కడ ఇంకో చిక్కు. 38.2 లోంచి 11.6 పోతే 26.6 రావాలి. ఇంకా 5.1 జీబీ ఎక్కడుంది? మ్యాప్ ఇండెక్స్‌ని డంప్ చేసి చూస్తే నేను చంపేశాననుకున్న మెయిల్స్‌లో చాలావాటికి కౌంట్ ఇంకా 1 ఉంది. అంటే ఇంకో ఫోల్డర్లో వాటికి కాపీ ఉన్నట్టు. ఎండీబాక్స్‌లో కాపీ చేస్తే కౌంట్ పెరుగుతుంది తప్ప బైట్లు పెరగవు, అందుకే ఇన్నాళ్లూ బయటపడలేదు. మెయిల్‌బాక్సుల డైరెక్టరీలో, ఆంపర్సండ్‌తో మొదలై హైఫన్‌తో ముగిసే ఒక పిచ్చి పేరు కనిపించింది. ముందే చూశాను గానీ ఏదో చెత్తలే అని వదిలేశాను. డిస్క్ మీద తెలుగు ఫోల్డర్ పేర్లు ఆ యూటీఎఫ్-7 (ఏ భాషనైనా ఇంగ్లీషు అక్షరాలతోనే రాసే పద్ధతి) వేషంలోనే ఉంటాయి. డవ్‌కాట్ కమాండ్‌తో లిస్ట్ అడిగితే అసలు పేరు వచ్చింది: "భద్రం".

పొద్దున్నే నాన్నని అడిగాను. "తీసేయమన్నది ఇన్‌బాక్స్‌లోవిరా. కావాల్సినవి భద్రంలో వేసుకున్నా. అందుకే కదా ఆ పేరు పెట్టింది?" గృహప్రవేశం ఫోటోలు, పెన్షన్ కాగితాలు, స్థలం రిజిస్ట్రేషన్ స్కాన్‌లు. ముట్టుకోలేదు. 31.7 తోనే సర్దుకుంటాను.

జెడ్‌స్టాండర్డ్ కంప్రెషన్ మాత్రం పెట్టగానే పనిచేసింది. అటాచ్‌మెంట్లకి బేస్64 (ఫైళ్లని అక్షరాలుగా మార్చి మెయిల్లో పంపే పద్ధతి) వల్ల వచ్చే వాపు దిగి, కొత్త మెయిల్స్‌లో వాటి సైజు పాతిక శాతం దాకా తగ్గుతోంది. న్యూజెర్సీ నుంచి అత్త రాసే తెలుగు ఉత్తరాల్లో ఇంకా ఎక్కువ తేడా. యూటీఎఫ్-8లో తెలుగుకి ఒక్కో క్యారెక్టర్ 3 బైట్లు, క్వోటెడ్ ప్రింటబుల్‌లో (ఒక్కో బైట్‌ని మూడు అక్షరాలుగా రాసే మెయిల్ పద్ధతి) పంపితే అది 9 అవుతుంది. గుణింతం గుర్తుకి కూడా విడిగా 9, అంటే "కి" రాస్తే 18 బైట్లు! కానీ ఉత్తరాలు ఎన్ని పిండినా ఫోటోల ముందు ఏపాటి.

రొటేట్ సైజ్ మళ్లీ 10 ఎంబీకి తెచ్చాను. పెద్ద ఫైళ్లు వేగమని చెప్పేవాళ్లు స్నాప్‌షాట్లు, పర్జ్ కలిపి వాడి చూడాలి. ఎండీబాక్స్ కింద బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఇక వద్దనే నా అభిప్రాయం, మెయిల్‌డైర్ అయితే ఈ బాధ ఉండేది కాదు. వచ్చే వారం ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్‌కి మార్చి, స్నాప్‌షాట్ల బదులు రాత్రికోసారి డవ్‌కాట్ సొంత బ్యాకప్ కమాండే వాడతాను. ఆపరేటింగ్ సిస్టమ్‌ని డెబియన్ 13కి మార్చే జోలికి ఇప్పుడే పోను. అందులో డవ్‌కాట్ 2.4 వస్తుంది, కాన్ఫిగ్ మొత్తం తిరగరాసుకోవాలి, నాకంత ఓపిక లేదు.

అల్మరాలో 1 టీబీ పాత హార్డ్‌డిస్క్ ఒకటి ఖాళీగా పడుంది. రెండేళ్లు దాటిన మెయిల్స్‌ని ఆల్ట్ స్టోరేజ్‌గా (పాత మెయిల్స్‌కి డవ్‌కాట్ ఇచ్చే రెండో చోటు) దాని మీదికి తోయాలని ఉంది. తోశాక ఎస్‌ఎస్‌డీలో చోటు రావాలంటే అక్కడా పర్జ్ నడపాల్సిందే, కాకపోతే ఈసారి ముందు డీఎఫ్ చూసి. ఆ పాత డిస్క్ టిక్కుటిక్కుమంటోంది, స్మార్ట్ టెస్ట్ (డిస్క్ ఆరోగ్య పరీక్ష) పెట్టి పడుకుంటున్నాను.