రమ్ము పీపా వాసన, లేత చుట్ట పొగ

నిన్న రాత్రి వెనుక వరండాలో పైక్ క్రీక్ అనే పదేళ్ల కెనడా విస్కీ సీసా మూత తీశాను. కెనడా చట్టానికి విస్కీ 700 లీటర్లకు మించని చెక్క పీపాల్లో 3 ఏళ్లు ఉంటే చాలు. దీన్ని పదేళ్లు నిల్వ ఉంచి, చివర్లో రమ్ము పీపాల్లోకి మార్చారు. కెనడాలోని అంటారియోలో దీని పీపాలు ఉంచే గోదాములో వేడి చేసే ఏర్పాట్లు ఉండవు. ఎండాకాలం చెక్క విస్కీని లోపలికి పీల్చుకుంటుంది, చలికాలం వెనక్కి వదులుతుంది. ఆ పని రుచిలో తెలుస్తుంది.

గ్లాసు ముక్కు దగ్గరికి తేగానే పాకం ముదిరే క్షణంలో వచ్చే వాసన. నాలుక మీద ముందు తీపి, వెనకాలే రై అనే ధాన్యపు గింజల ఘాటు, మిరియం కొరికినట్టు.

మొదట నల్లటి పైఆకు చుట్టిన నికరాగ్వా చుట్ట ముట్టించాను. తప్పు చేశాను. రమ్ము తీపి పూర్తిగా అణగిపోయింది. దాన్ని పక్కన పెట్టి, నీళ్లు తాగి, లేత గోధుమరంగు కనెక్టికట్ రకం పైఆకు చుట్ట తీశాను. ఎంత తేడా! దాని వెన్నలాంటి పొగ వెనక ఎండిన అత్తిపండు రుచి మెల్లగా పైకి తేలింది. ఒక గుక్క తాగి, అది గొంతు దిగాక పొగ పీల్చాలి. వరుస మారిస్తే చేదు మిగులుతుంది. బూడిద అంగుళం దాకా రాలకుండా నిలిచింది. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా చాలాసేపు వాసన చూస్తూ కూర్చున్నాను.