చావ్డీ బజార్ మెట్రోలో దిగి పాత ఢిల్లీలోకి

ఢిల్లీ వెళ్తున్నాం అని ఎవరు చెప్పినా నేను మొదట అనేది ఒకటే, పాత ఢిల్లీకి కారులో పోవద్దు, మెట్రోలో పోయి చావ్డీ బజార్‌లో దిగండి అని. మన తెలంగాణ ఎక్స్‌ప్రెస్ వెళ్లి ఆగేది న్యూఢిల్లీ స్టేషన్‌లోనే కదా, అక్కడ అజ్మేరీ గేట్ వైపు బయటికొస్తే మెట్రో ఉంటుంది, యెల్లో లైన్‌లో ఒక్కటే స్టాపు. మేం చెల్లి పెళ్లికి శుభలేఖలు చూద్దామని వెళ్లాం, దేశంలో ఎక్కడెక్కడి వాళ్లో హోల్‌సేల్‌గా కార్డులు కొనుక్కునేది ఆ వీధిలోనే.

ఆ స్టేషన్ భూమికి దాదాపు 25 మీటర్ల కింద ఉంటుంది. ఒక ఎస్కలేటర్ ఎక్కి అయిపోయిందనుకుంటే ఇంకోటి, అది దాటితే ఇంకోటి. మా అమ్మ "ఇంకా ఎంత పైకి పోవాలే" అంటూనే ఉంది. అంత లోతు ఎందుకంటే పైన ఉన్నది షాజహాన్ 1639లో మొదలుపెట్టిన ఊరు, గోడకి గోడ ఆనుకుని ఉన్న పాత ఇళ్లు, ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకి జరగాల్సిన గల్లీలు, అక్కడ వీధి తవ్విపెట్టి రైలు వేస్తే మిగిలేదేముంది? అందుకే సొరంగం మిషన్లు ఆ ఇళ్ల కిందనుంచి తొలుచుకుంటూ పోయాయి, 2005 జులై 3న కశ్మీరీ గేట్ నుంచి సెంట్రల్ సెక్రటేరియట్ వరకు రైళ్లు మొదలయ్యాయి. నాకైతే ఢిల్లీ మెట్రో మొత్తంలో గొప్ప పని ఇదే అనిపిస్తుంది.

పైకి రాగానే హౌజ్ ఖాజీ చౌక్. కింద ఏసీ, నున్నటి గ్రానైట్, అనౌన్స్‌మెంట్లు, పైన ఒక్కసారిగా సైకిల్ రిక్షాలు, తలమీద వైర్ల చిక్కు, పేపర్ కట్టలు నిండుగా వేసిన తోపుడు బండిని ముందు ఒకతను లాగుతూ వెనక ఇంకొకతను నెడుతూ "జరా సైడ్, సైడ్" అని అరుస్తూ మనల్ని దాటిపోతారు. రోడ్డుకి ఒక పక్క ఇత్తడి, రాగి సామాను, నల్లాలు, ఇంకో పక్క కాగితం, కార్డులు. ఒక కొట్లో ముసలాయన బంగారు రంగు రేకు పెట్టి కార్డు మీద వినాయకుణ్ణి మిషన్‌తో ఒత్తుతున్నాడు, హ్యాండిల్ దించినప్పుడల్లా టక్ అని సౌండ్, రేకు పీకేస్తే గీత గీతా మెరుస్తూ బొమ్మ. మా అమ్మ మూలలకి పసుపు రాయడానికి చోటుండాలి అని పట్టుబడితే ఆయన విసుక్కోకుండా మూలల్లో డిజైన్ లేని రకాలన్నీ తీసి పరిచాడు, తెలుగు పెళ్లిళ్లకి ఇలాగే అడుగుతారు నాకు తెలుసు అన్నాడు, ఆ మాటకి అమ్మ అక్కడే సెటిలైపోయింది.

అది అయ్యాక సీతారాం బజార్ గల్లీలో కుల్ఫీ తిన్నాం, మామిడిపండు లోపల టెంక తీసేసి కుల్ఫీ నింపి గడ్డకట్టించి ముక్కలు కోసి ఇస్తారు, తప్పకుండా తినండి. కమలా నెహ్రూ పుట్టింటి హవేలీ ఉన్నది ఈ గల్లీలోనే, నెహ్రూ గారి పెళ్లి 1916లో ఇక్కడే జరిగింది. ఇంకోవైపు బల్లీమారాన్‌లోకి తిరిగితే ఉర్దూ కవి గాలిబ్ ఉన్న ఇల్లు. నడుచుకుంటూ జామా మసీదుకి పోవచ్చు, తిరిగి రావడానికి అక్కడ కూడా వయొలెట్ లైన్ స్టేషన్ ఉంది, 2017లో తెరిచారు. ఆ లైన్ కోసం 2012లో సుభాష్ పార్క్ దగ్గర తవ్వుతుంటే పాత కట్టడం గోడలు బయటపడ్డాయి, షాజహాన్ కాలం నాటి అక్బరాబాదీ మసీదువే అని అప్పట్లో పెద్ద చర్చ జరిగింది.

ఆదివారం మాత్రం పోకండి, కొట్లు మూసేస్తారు. కార్డులకైతే పొద్దున కొట్లు తెరిచే టైంకే పోండి, మధ్యాహ్నం దాటితే ఆ చౌక్‌లో కాలు పెట్టే సందుండదు.