లిథియం-11, ఫైనలియర్ క్లాసు

మధ్యాహ్నం క్లాసు మొదలైన పది నిమిషాలకే కరెంటు పోయింది. రాత్రి కూర్చుని చేసిన స్లైడ్లు అటకెక్కాయి. ఒకందుకు మంచిదే, సుద్దముక్క చేతిలో ఉంటేనే నాకు పాఠం నడుస్తుంది.

సిలబస్‌లో ఉన్నదల్లా ద్రవ్యరాశి సంఖ్య ఘనమూలాన్ని 1.2తో గుణిస్తే కేంద్రక వ్యాసార్థం వస్తుందన్న సూత్రం. మూడు ప్రోటాన్లు, ఎనిమిది న్యూట్రాన్లు ఉన్న లిథియం-11 కేంద్రకానికి ఆ లెక్క వేయించాను, 2.7 ఫెర్మీలు (ఒక ఫెర్మీ అంటే 10⁻¹⁵ మీటరు) వచ్చింది. 1985లో జపాన్ శాస్త్రవేత్త తనిహతా బృందం అమెరికాలోని బర్క్‌లీలో చేసిన ప్రయోగంలో 3 దాటిందని చెప్పాను. సూత్రం తప్పా అన్నారు. తప్పు కాదు, చివరి రెండు న్యూట్రాన్లు దూరంగా మేఘంలా పరుచుకుని ఉన్నాయి. మామూలు కేంద్రకంలోంచి ఒక్క న్యూట్రాన్‌ని లాగాలంటే 8 ఎంఈవీ (పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు ఒక ఎంఈవీ) దాకా శక్తి కావాలి. ఇక్కడ రెండూ కలిపి 0.37కే వచ్చేస్తాయి.

“మా పాతపట్నం బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్లలాగన్నమాట సార్” అన్నాడు వెనక బెంచీ కుర్రాడు. క్లాసంతా నవ్వింది. నాకూ నచ్చింది గానీ పూర్తిగా అతకదు. బస్సులో ఒకడు దిగిపోతే రెండోవాడికి ఇంకాస్త చోటు దొరుకుతుంది. ఇక్కడ ఒక న్యూట్రాన్ పోతే మిగిలిన లిథియం-10 నిలబడదు, రెండోదీ వెంటనే ఊడిపోతుంది.

అసలు ప్రశ్న ముందు బెంచీ అమ్మాయి అడిగింది. “కాస్త శక్తి ఇస్తేనే విడిపోయేదానికి ఉత్తేజిత స్థితి ఎక్కడుంటుంది సార్?” ఉత్తేజిత స్థితంటే కేంద్రకం అదనపు శక్తితో కాసేపు నిలిచే స్థితి. ఏడాదంతా ఇలాంటి ప్రశ్న ఒక్కటొచ్చినా చాలు. బెరీలియం-11కైతే 0.32 ఎంఈవీ దగ్గర విడిపోని స్థితి ఒకటుంది, అందులోంచి వచ్చే గామా కిరణాన్ని పట్టుకోవచ్చు. లిథియం-11కి ఆ ఒక్కటీ లేదు. పైగా అర్ధాయువు 9 మిల్లీసెకన్లు కూడా లేదు, టార్గెట్‌గా పెట్టుకోలేం. అందుకే దాన్నే బీమ్ చేసి కొడతారు.

వాంకూవర్‌లోని ట్రయంఫ్ లాబ్‌లో రీతుపర్ణ కనుంగో బృందం పలచటి వెండి రేకు మీద డ్యుటీరియాన్ని (భార హైడ్రోజన్‌ని) గడ్డకట్టించి, దాని మీదికి లిథియం-11ని పంపింది. దెబ్బ తిని ఎగిరిన డ్యూటెరాన్ (డ్యుటీరియం కేంద్రకం) శక్తి, కోణం కొలిస్తే లిథియం-11 ఎంత శక్తి మింగిందో లెక్కకొస్తుంది. ఆ కేంద్రకం ముక్కలైపోయినా ఫర్వాలేదు, సాక్షి డ్యూటెరానే. మింగిన శక్తి గ్రాఫ్‌లో 1.03 ఎంఈవీ దగ్గర గుట్ట కనబడింది, అదే ఉత్తేజిత స్థితి గుర్తు. 2015లో అచ్చయిన ఆ గ్రాఫ్‌ని బోర్డు మీద గీశాను, నా గుట్ట కాస్త లావుగా వచ్చింది. లోపలి లిథియం-9 ఒకవైపు, న్యూట్రాన్ల మేఘం ఒకవైపు ఊగే కదలిక అది. గుట్ట వెడల్పు ఎంత ఎక్కువైతే ఆ స్థితి ఆయుష్షు అంత తక్కువ. ఇక్కడ వెడల్పు సుమారు 0.5 ఎంఈవీ, అంటే ఆయుష్షు సుమారు 10⁻²¹ సెకను.

“అంతసేపు కూడా లేనిదాన్ని స్థితి అనొచ్చా సార్?” బెల్లు కొట్టారు.

అనొచ్చనే నా ఉద్దేశం, కానీ అంత ధీమాగా చెప్పలేను. 2017లో ప్రోటాన్‌తో చేసిన ప్రయోగంలో అదే గుట్ట 0.80 దగ్గర పడింది, వెడల్పూ ఎక్కువే. డిగ్రీ పుస్తకాల్లో శక్తి స్థితుల్ని నిచ్చెన మెట్లలా గీసే సన్నటి గీతలు ఇలాంటిచోట పిల్లల్ని తప్పుదారి పట్టిస్తాయి.

ఇంటికొచ్చేసరికి ఏడు దాటింది. “ఇంత ఆలస్యమైందేట్రా?” అంది అమ్మ. ఏడు రోడ్ల జంక్షన్‌లో జిరాక్స్ షాపు దగ్గర రద్దీ. ఆ రెండు ప్రయోగాల పరిశోధన పేపర్లూ తీయించాను. సోమవారం ఆ అమ్మాయికిస్తాను, రెండు వెడల్పుల నుంచీ ఆయుష్షు తనే కట్టుకురావాలి.