నాన్న కాలి పుండు మానడం వెనక కథ

నాన్న కాలి పుండు మానిందని తెలిసిన దగ్గర్నుంచి ఫోన్లు. అందరిదీ ఒకటే ప్రశ్న, "ఏం మందు రాశారు?" మందు గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. ఆ కాలు మీద బరువు పడకుండా చూడటమే అసలు వైద్యం. అదే అన్నిటికన్నా కష్టం కూడా.

నాన్నకు చాలా ఏళ్లుగా షుగర్. మే నెల ఎండలో గుడి చుట్టూ ప్రదక్షిణలు చేశారు. బండలు కాలుతున్నాయని మిగతావాళ్లు పరుగులు తీస్తుంటే ఆయన నింపాదిగా నడిచారట. ఎడమ బొటనవేలి మొదట్లో, అరికాలి వైపు బొబ్బ లేచింది, పగిలింది. ఊళ్లోనే కట్టు కట్టించుకుంటూ, పొద్దున పాల కోసం, సాయంత్రం కబుర్ల కోసం తిరుగుతూనే ఉన్నారు. నొప్పి లేదు కదా మరి! కట్టు దాటి రసి కారి, వాసన మొదలయ్యాక గుంటూరులో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాం.

అక్కడ పుండ్లు చూడటానికే విడిగా ఒక గది ఉంది. యాభై దాటిన ఒక సిస్టర్ చూస్తారు. పాత కట్టు విప్పి కొత్తది కట్టేస్తారనుకున్నాను. ఆవిడ కట్టు జోలికే పోకుండా ముందు రెండో కాలు చూపించమన్నారు. "దీనికేం కాలేదమ్మా" అని నాన్న అంటే, "దానికీ అదే షుగరు కదా బాబాయ్ గారూ" అన్నారు.

నాన్నను కళ్లు మూసుకోమని, సన్నని నైలాన్ పోగు లాంటిది తీసుకుని పాదంలో అక్కడక్కడా ఆనించారు. అది వంగే దాకా నొక్కితే 10 గ్రాముల ఒత్తిడి పడుతుందట. తగిలినప్పుడల్లా చెప్పమన్నారు. ఆవిడ ఒక్కో చోటా ఆనిస్తూ పోతున్నారు, నాన్న మాట్లాడరు. "ఇంకా మొదలుపెట్టలేదా?" అని అడిగారు చివరికి. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ పోయిందని అర్థమై నాకు గుండె జారింది. తర్వాత పాదం పైనా, చీలమండ వెనకా నాడి వెతికారు. చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో పోల్చి చూశారు. చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే వచ్చే ఆ లెక్క 0.9 కంటే తగ్గితే కాలికి రక్తం సరిగ్గా అందనట్టు. షుగర్ ఉన్నవాళ్లకు రక్తనాళాలు గట్టిపడి లెక్క తప్పుగా ఎక్కువ చూపించే అవకాశం ఉందని, రక్తం పారే తీరు చూపించే డాప్లర్ స్కాన్ కూడా తీయించారు. రక్తప్రసరణ బాగానే ఉంది. అది బాగాలేకపోతే ముందు దాని సంగతి చూడాలి, పైన ఎన్ని కట్లు కట్టినా లాభం లేదన్నారు.

అప్పుడు పుండు దగ్గరికి వచ్చారు. సెలైన్‌తో కడిగి, కాగితపు స్కేలుతో పొడవూ వెడల్పూ కొలిచారు. శుభ్రమైన పుల్ల పెట్టి లోతు చూశారు. మొద్దుగా ఉన్న స్టీలు కడ్డీతో అడుగు తడిమి, ఎముక తగలలేదన్నారు. తగిలితే ఎముకకే ఇన్ఫెక్షన్ పాకిందేమోనని అనుమానించాలట. ఎక్స్‌రే మొదటి రెండు మూడు వారాలు ఏమీ చూపించకపోవచ్చు కాబట్టి దాని మీదే ఆధారపడరు. ఎర్రగా ఉన్నది కొత్త కండ, పసుపుగా అంటుకున్నది చనిపోయిన పొర, నల్లగా ఉంటే పూర్తిగా చచ్చిన చర్మం. ఏది ఎంత భాగం ఉందో రాసుకుని, ఫోటో తీశారు. చుట్టూ ఉన్న ఎరుపు అంచు వెంట పెన్నుతో గీత గీసి నాతో, "ఎరుపు ఈ గీత దాటినా, జ్వరం వచ్చినా రాత్రయినా సరే బయల్దేరి వచ్చెయ్యమ్మా, తెల్లారే దాకా ఆగొద్దు" అన్నారు.

డాక్టర్ గారు ఆనెకాయనూ పసుపు పొరనూ కోసి తీసేశారు. పుండు ముందుకన్నా పెద్దదై కనిపించింది. ఇలా కనిపిస్తుందని సిస్టర్ ముందే చెప్పి ఉండకపోతే గొడవ పెట్టుకునేదాన్నేమో. నాన్న మాత్రం పేపర్ చదువుకుంటున్నారు.

ఇంట్లో కట్టు మార్చడం నేర్పించారు. చేతులు కడుక్కోవడం, సెలైన్, గాజుగుడ్డ, అంతే. హైడ్రోజన్ పెరాక్సైడ్ వద్దన్నారు, నురగ చూడటానికి బాగుంటుంది కానీ కొత్త కండనూ దెబ్బతీస్తుంది. మా మేనత్త "గాలికి ఆరనివ్వండర్రా" అని ఒకటే పోరు. తడి ఆరకుండా కప్పిన గాయం మీద చర్మం త్వరగా అల్లుకుంటుందని జార్జ్ వింటర్ అనే ఆయన 1962లోనే పందుల మీద చూపించాడు. ఆ మాట అత్తకు చెప్తే పంది పేరెత్తినందుకు తిట్టింది. తడి మితిమీరినా కష్టమే. చుట్టూ చర్మం తెల్లగా నానితే ఇంకా ఎక్కువ పీల్చుకునే కట్టు వాడాలి. పప్పు తింటే చీము పడుతుందన్న మాటనూ పక్కన పెట్టాం. కిడ్నీ పరీక్ష బాగానే ఉందని చూసుకునే, పప్పూ గుడ్లూ బాగా పెట్టమన్నారు. మాత్రలు ఆపి ఇన్సులిన్ మొదలుపెట్టారు.

ఇన్నీ చేస్తున్నా పుండు కదల్లేదు. నాలుగు వారాల్లో సగానికి తగ్గకపోతే ఎక్కడో ఏదో తప్పుతున్నట్టు లెక్క అని సిస్టర్ మొదటే చెప్పారు. కట్టు విప్పి, దాని అడుగు చూసి, "బాబాయ్ గారూ, నడుస్తున్నారు కదూ?" అన్నారు. నాన్న కిటికీ వైపు చూశారు. వాకర్ మంచం పక్కనే ఉంటుంది, ఆయన కుళాయి దగ్గరుంటారు. నొప్పి అనే కాపలాదారు లేని మనిషిని మాటలతో కూర్చోబెట్టడం ఎవరి తరం?

ఇన్ఫెక్షన్ తగ్గింది కాబట్టి కాలికి పిండికట్టు లాంటిది వేస్తామన్నారు. పాదానికి అతుక్కున్నట్టు మోకాలి కింది వరకూ వేసే ఆ కట్టు బరువును కాలంతా పంచుతుంది. ఈ పద్ధతి కుష్టు వార్డుల్లోంచి వచ్చింది. వెల్లూరులో పాల్ బ్రాండ్ అనే సర్జన్ 1950ల ప్రాంతంలో, కుష్టు రోగుల పాదాలకు పుండ్లు పడేది స్పర్శ లేని కాలి మీద ఒత్తిడి వల్లేనని గమనించి, పిండికట్టుతో మాన్పించేవారు. ఆ సంగతి విని నాన్న, "నాకేమన్నా కుష్టు వచ్చిందా?" అని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆ కట్టు గొప్పతనం బరువు పంచడంలో ఎంతుందో, నాన్న విప్పుకోలేకపోవడంలోనూ అంతే ఉందని నా నమ్మకం. వారం వారం విప్పి, కొలిచి, కొత్తది వేసేవారు. దురదని, బరువని, నిద్ర లేదని గొడవ చేశారు. స్నానానికి ప్లాస్టిక్ సంచి కట్టేదాన్ని. కానీ రెండో కొలతకే తేడా తెలిసింది. అడుగు ఎర్రగా నిండింది, అంచుల నుంచి లేత గులాబీ రంగు చర్మం లోపలికి పాకింది.

ఇప్పుడు మెత్తటి ఎం.సి.ఆర్. (మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పులు వేసుకుంటున్నారు, ఇంట్లో కూడా. "వంటింట్లోకి చెప్పులేంటి" అని అత్త అలిగింది. వంటింటికి, బయటికి వేరువేరు జతలు కొన్నాం. మానిన చోట మళ్లీ ఆనె కడుతోంది, నెలకోసారి వెళ్లి చెక్కించుకొస్తున్నాం. రాత్రి పడుకునే ముందు అద్దం పెట్టి అరికాళ్లు చూపించమంటే విసుక్కుంటారు కానీ చూపిస్తారు.